నాలుగు గంటల పన్నెండు నిమిషాల వార్త

"నా వాచీ పది నిమిషాలు ముందు నడుస్తోంది" అన్నాడు గొళ్లెం.

వాచీల రిపేరు షాపులో కూర్చున్న ముసలాయన కంటికి బిగించిన భూతద్దం తీయకుండానే జవాబు చెప్పాడు. "ముందు నడిచేవాటి జోలికి మేం పోం. వెనకబడ్డవే బాగుచేస్తాం."

కోడ్ సరిపోయింది. గొళ్లెం కౌంటరు పలక ఎత్తి లోపలికి నడిచాడు. గోడ గడియారాల వెనక ఒక తలుపు, తలుపు వెనక మెట్లు, మెట్ల కింద కిటికీ లేని గది. ఆ గదిలో డిపార్ట్‌మెంట్ మొత్తం పెదనాన్న అని పిలుచుకునే చీఫ్ కూర్చుని ఉన్నాడు. ఏజెంట్లలో ఎవరికీ ఆయన ఏమీ కాడు. తిట్టే పద్ధతి మాత్రం అచ్చం పెదనాన్నలదే కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది.

గొళ్లెం అన్నది కూడా మారుపేరే. మూయాల్సింది తలుపైనా నోరైనా చప్పుడు లేకుండా మూస్తాడని అలా పెట్టారు. పదకొండేళ్ల సర్వీసు, లెక్కలేనన్ని మారువేషాలు, వీపు మీద రెండు బుల్లెట్ మచ్చలు. ఇంట్లో మాత్రం అతను అగ్నిమాపక పరికరాల ఇన్‌స్పెక్టర్. పెళ్లయిన ఆరేళ్లుగా వాళ్లావిడ అదే నమ్ముతోంది. ఆ రెండు మచ్చలూ సిలిండర్ పేలి పడ్డవని చెప్తే అయ్యో అంటూ మందు రాసింది కూడా.

"యూనివర్సిటీలో అంతర్జాతీయ జర్నలిజం శిక్షణ కేంద్రం. తెలుసుగా?" అన్నాడు పెదనాన్న.

"మా ఆవిడ అక్కడే కోఆర్డినేటర్."

"తెలిసే అడిగాను. శుక్రవారం నాలుగింటికి అక్కడ మీటింగ్. టార్గెట్ ఈవిడ."

బల్ల మీద ఫొటో పెట్టాడు. డెబ్భై నాలుగేళ్ల మనిషి, పొట్టి జుట్టు, మందపాటి కళ్లద్దాలు. ఎడిటరమ్మ అంటే విలేకరుల లోకంలో తెలియనివాళ్లు లేరు. ఆవిడ దేశంలో పాలకులు ఆవిడ ప్రెస్సు తగలబెడితే, చేతిసంచీతో సరిహద్దు దాటి వచ్చేసింది. వెనక మిగిలిపోయిన ఆవిడ విలేకరులు ఎనిమిదిమందిని ఎవరో ఎత్తుకుపోయారు. రెండేళ్లుగా వాళ్ల జాడ లేదు.

"వాళ్లని ఎక్కడ బంధించారో ఆవిడకి తెలిసింది. ఫోన్లో చెప్పదు, కాగితం మీద పెట్టదు, మనకీ చెప్పదు. ఆ అడ్రసు శుక్రవారం రెండు వందలమంది విలేకరుల ముందు నోటితో చెప్తుందట. అప్పుడైతే ఎవరూ తొక్కిపెట్టలేరని ఆవిడ ధైర్యం. ఆ మాట ఆవిడ నోరు దాటకూడదని అవతలి ముఠా పట్టుదల. నిన్న ఒక మెసేజ్ మన చేతికి చిక్కింది." పెదనాన్న చదివాడు. "'మన మనిషి లోపలే ఉన్నారు. ఆవిడ ప్రసంగం పూర్తవదు.' అంతే."

"మీటింగ్ ఆపేస్తే?"

"అడిగాం. బుల్లెట్ ప్రూఫ్ కోటు పంపితే బరువుగా ఉందని తిప్పి పంపింది. ఆవిడ మాట్లాడుతుంది, నువ్వు బతికిస్తావు. ఆ రోజు ఆవిడ దగ్గరికి వెళ్లగలిగేది నలుగురే. కేంద్రం డైరెక్టర్, ఫొటోగ్రఫీ చెప్పే మాస్టారు, రేడియో చెప్పే మేడమ్, కోఆర్డినేటర్. ఆ నలుగురిలో ఒకళ్లు డబుల్ ఏజెంట్."

"నలుగురిలో ఒకరు మా ఆవిడ."

"అందుకే నిన్ను పంపిస్తున్నా. ఆవిణ్ని అనుమానించడానికి ఇంకొకణ్ని పంపమంటావా? మూడు రోజులు ఆవిడ వెనకాలే తిరుగుతాడు. పొడుగ్గా ఉంటాడు, సరదాగా మాట్లాడతాడు."

"నేనే వెళ్తాను" అన్నాడు గొళ్లెం.

పెదనాన్న కుర్చీ కింద నుంచి ఎర్ర సిలిండర్ ఒకటి బయటికి తీశాడు. "ఇందులో కెమెరా ఉంది, వైర్‌లెస్ ఉంది, తాడుంది, పిస్తోలుంది."

"మంటలు ఆర్పుతుందా?"

"చోటెక్కడిది?"

అలా బుధవారం పొద్దున గొళ్లెం తన ఇంటి అబద్ధాన్నే యూనిఫాంగా వేసుకుని డ్యూటీకి బయల్దేరాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గొళ్లెం మంచి ఏజెంటు. తుపాకీకి బెదరడు, విషానికి బెదరడు. ఫొటో మాస్టారి పేరు వింటే మాత్రం అన్నం సహించదు. ఆరేళ్లుగా రోజూ భోజనాల దగ్గర వాళ్లావిడ ఆఫీసు కబుర్లు చెప్తుంది. ఫొటో మాస్టారు ఇవాళ ఇలా అన్నారు, ఫొటో మాస్టారు ఇవాళ అలా నవ్వించారు. మిగతా కబుర్లు ఆ చెవిన విని ఈ చెవిన వదిలేసేవాడు. ఆ పేరు ఉన్నవి మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుండేవి. పరాయివాడి మీద కుళ్లుకోవడం తన స్థాయికి తగదని అతనికి తెలుసు. తెలిసినంత మాత్రాన కుళ్లు తగ్గదని కూడా ఈ ఆరేళ్లలో తెలిసింది.

కేంద్రం మూడో అంతస్తులో ఉంది. పొడుగాటి హాలు, గోడకి ఐదు దేశాల టైము చూపించే ఐదు గడియారాలు, వాటిలో ఒకటి ఆగిపోయింది. పద్నాలుగు దేశాల నుంచి వచ్చిన విలేకరులు కంప్యూటర్ల ముందు వంగి కూర్చుని ఉన్నారు. తలుపు పక్కనే నల్లబోర్డు మీద 'ఈ వారం ముందుగా వార్త అందించినవారు' అని రాసి, కింద సుద్దముక్కతో గీతలు. పాఠాలు చెప్పేవాళ్లకీ ఆ పోటీలో మినహాయింపు లేదు. ఫొటో మాస్టారికి పదమూడు గీతలు, రేడియో మేడమ్‌కి పన్నెండు. దాటుతూ వెళ్లే ప్రతివాడూ ఆ బోర్డుని ఓరకంట చూసి, చూడనట్టు నడిచేవాడు. ఒకరి పేరు పైకొస్తే ఇంకొకరు కళ్లలో నిప్పులు పోసుకునే చోటు అది. తన కడుపుమంటకి ఇంతకంటే మంచి సంఘం దొరకదనిపించింది గొళ్లేనికి.

డైరెక్టర్ సన్నగా, పీలగా ఉండే మనిషి. టీ కప్పులు కడగాలన్న నోటీసుని కూడా ఎర్ర పెన్నుతో దిద్దుతాడు. "ఇన్‌స్పెక్టర్ గారూ, మా దగ్గర ఒకటే శాసనం" అన్నాడు. "ఇద్దరు వేరువేరుగా చెప్పనిదే మా బల్ల మీద నుంచి అక్షరం కదలదు. మీరు ఇన్‌స్పెక్టరని మీరు చెప్పారు. ఇంకెవరైనా చెప్తారా?"

గొళ్లెం నకిలీ ఐడీ కార్డు చూపించాడు. డైరెక్టర్ దాన్ని రెండు వైపులా చదివి, ఒక కామా దిద్దబోయి ఆగాడు.

"ఏమండీ, మా ఆఫీసుకి మీరే వస్తారని చెప్పనేలేదు" అంది వాళ్లావిడ. ఆశ్చర్యపోయినట్టే కనిపించింది. పక్కనే ఫొటో మాస్టారు ఆవిడ బల్ల మీద మోచేతులు ఆనించి ఏదో గొణిగాడు. వాళ్లావిడ తల వెనక్కి వేసి నవ్వింది. ఆ నవ్వు గొళ్లెం ఇంట్లో ఎప్పుడూ వినలేదు. కనీసం ఈ మధ్య వినలేదు. ఒళ్లు మండిపోయింది.

ఆ మంటలో ఏం చేయాలో తోచక నిజంగానే సిలిండర్లు తనిఖీ చేయడం మొదలుపెట్టాడు. ఆరేళ్ల అబద్ధం నిలబడాలని ఎప్పుడో ఆ పని పుస్తకం చూసి నేర్చుకున్నాడు. కింద ఆడిటోరియంలో స్టేజి పక్కనున్న సిలిండర్ గడువు తీరి మూడేళ్లయింది. దాన్ని దింపించి, సాయంత్రంలోగా కొత్తది పెట్టించాడు.

తిరిగి వస్తుంటే రేడియో స్టూడియో తలుపు తెరుచుకుంది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఒక్క నిమిషం."

రేడియో మేడమ్‌ని చూస్తే ముందు ఆకుపచ్చ పట్టు స్కార్ఫు కనిపిస్తుంది, కానీ గుర్తుండిపోయేది గొంతు. వెచ్చగా, తొందర లేకుండా, వింటున్నవాణ్ని ఒక్కణ్నే పిలిచినట్టుంటుంది. ఎడిటరమ్మ దేశంలో పదేళ్లు పనిచేసి వచ్చింది. "శుక్రవారం మీటింగ్‌కి ముందు అగ్నిప్రమాదం ప్రకటన ఒకటి వినిపించాలి. మీ గొంతుతో చెప్తే బాగుంటుంది. ఇంత మంచి గొంతు పెట్టుకుని సిలిండర్లతో మాట్లాడుతున్నారా?"

గొళ్లేనికి ఇది వల అని తెలుసు. అద్దం అవతల నుంచి వాళ్లావిడ చూస్తోందని కూడా తెలుసు. అందుకే లోపలికి వెళ్లాడు.

మేడమ్ కాగితం మీద ప్రకటన రాసి, ఎర్ర పెన్సిలుతో వాక్యాల మధ్య అక్కడక్కడా ఏటవాలు గీతలు గీసింది. "గీత ఉన్నచోట ఊపిరి తీసుకోండి. రేడియోకి రాసేవాళ్లం గీతలు లేకుండా రాయలేం. నిద్రలో కూడా పెడతాం." తర్వాత చిన్న వెండి డబ్బా తెరిచి తెల్లటి బిళ్ల ఒకటి చేతిలో పెట్టింది. "గొంతు బిళ్ల. ఇది నోట్లో వేసుకోకుండా నా మైకు ముందుకి ఎవరినీ రానివ్వను."

గొళ్లెం దాన్ని నాలుక కింద దాచి, బయటికొచ్చాక తీసి పరీక్షకి పంపాడు. గంటలో వైర్‌లెస్ మోగింది. మిరియాలు, పంచదార, ఇంకేమీ లేదు. మనిషి మంచిదేనని రాసుకున్నాడు. ఎర్ర గీతల కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర వాళ్లావిడ ఫొటో మాస్టారి ఊసే ఎత్తలేదు. "ఆవిడ గొంతు బాగుంటుంది కదూ" అని మాత్రం అంది. కంచం పెట్టిన చప్పుడు కొంచెం ఎక్కువగా వినిపించింది.

గురువారమంతా ఫొటో మాస్టారి మీదే నిఘా. అతని డార్క్‌రూంలో పుర్రె బొమ్మ వేసిన సీసాలు ఆరు దొరికాయి. అవి ఫొటోలు కడిగే మందులని సీసా మీదే రాసుంది. అయినా విషం విషమే అనుకున్నాడు గొళ్లెం. తీగకి ఆరేసిన ఫొటోల్లో మూడు వాళ్లావిడవి. మూడింట్లోనూ నవ్వుతోంది. ఇంకేం కావాలి?

"ఫొటో మాస్టారే" అని వైర్‌లెస్‌లో చెప్పాడు.

"ఆధారం?"

"వాడి మొహం చూస్తే తెలుస్తుంది."

పెదనాన్న అడిగాడు. "చూసింది ఏజెంటా, మొగుడా?"

"ఇద్దరమూ చూశాం."

"మొగుణ్ని ఇంటికి పంపు. ఏజెంటుకి ఒక్కరోజే టైముంది."

శుక్రవారం మూడు గంటల ముప్పై అయిదు నిమిషాలు. ఎడిటరమ్మ కారు గేటులోకి వచ్చిందంటే వాళ్లావిడ కిందికి పరుగెత్తింది. ఆవిడ కంప్యూటర్ తెరిచే ఉంది. హాలు ఖాళీ.

గొళ్లెం కుర్చీలో కూర్చున్నాడు. దేశభద్రత కోసమని రిపోర్టులో రాశాడు కానీ, వెతికింది మాత్రం ఫొటో మాస్టారి ఉత్తరాల కోసం. ఒక్కటి దొరికింది. 'నా కప్పు ఎవరు తీశారు?' అని ఉంది. అందులో కోడ్ ఏమైనా ఉందేమోనని నాలుగుసార్లు చదివాడు. లేదు. కొంచెం నిరాశగా కూడా అనిపించింది. పక్కనే, ప్రపంచానికి పంపడానికి సిద్ధంగా ఉన్న వార్తల వరస కనిపించింది. పైనున్న వార్త పేరు: 'సంతాపం. ఎడిటరమ్మ.'

ముందు కంగారుపడలేదు. కేంద్రంలో అదొక ఆచారమని అతనికి తెలుసు. వచ్చే పెద్ద అతిథులందరికీ వాళ్లు బతికుండగానే సంతాప వార్త రాయించి ఫైల్లో పెడతారు. విద్యార్థులకి మొదటివారం అదే అభ్యాసం. పోయిన తేదీ, టైము, కారణం ఉండాల్సిన చోట మాత్రం చుక్కలు పెట్టి వదిలేయాలి. ఒకసారి ఎవరో సరదాకి ఆ చుక్కల్లో తేదీ నింపితే డైరెక్టర్ వారంపాటు మాట్లాడలేదట. నింపింది ఎవరు? ఫొటో మాస్టారు. అందుకే ఈ కబురంతా గుర్తుంది.

గొళ్లెం వార్త తెరిచాడు. చుక్కలు లేవు.

'శుక్రవారం సాయంత్రం / నాలుగు గంటల పన్నెండు నిమిషాలకు / ప్రసంగిస్తూనే కుప్పకూలారు. / గుండె ఆగిందని / వైద్యులు భావిస్తున్నారు.' కింద ఇంకో లైను. 'నాలుగుంబావుకి దానంతటదే విడుదల.'

గోడ మీద ఆగిపోని నాలుగు గడియారాలూ కదులుతున్నాయి. మిగిలింది అరగంట అని లెక్కేసుకున్నాడు. ఆ వెంటనే, సిగ్గుపడాల్సిన సంతోషం కూడా కలిగింది. దొరికాడు, ఫొటో మాస్టారు దొరికాడు.

వార్తని ప్రింటు తీసుకుని డార్క్‌రూంకి వెళ్లాడు. "సిలిండర్ చూడాలి, ఒక సంతకం" అన్నాడు. ఫొటో మాస్టారు పెన్ను కోసం చెయ్యి చాపేసరికి బేడీ పడింది. రెండో కొస సింకు పైపుకి.

"అన్నా, ఇదేంటన్నా? ఆవిడ స్టేజి ఎక్కే టైమైంది. నేను ఫొటో తియ్యాలి."

"అన్న ఎవడ్రా నీకు?" అన్నాడు గొళ్లెం. ఆరేళ్లుగా అనాలనుకుంటున్న మాట. ఎడిటరమ్మకి ఇక భయం లేదనుకుని, తాపీగా తలుపు మూశాడు.

నాలుగయిందని గడియారం చెప్తుండగా వాళ్లావిడ వరండాలో ఎదురొచ్చింది. "ఫొటో మాస్టారు ఎక్కడండీ? కింద ఎడిటరమ్మ కూర్చున్నారు, డైరెక్టర్ గారు పరిచయం మొదలుపెట్టబోతున్నారు."

"ఇక రాడు. విను. నేను నువ్వనుకున్న ఇన్‌స్పెక్టర్ని..."

"అది తర్వాత. ఆ కాగితమేంటి?"

చెప్పాడు. ఆవిడ కాగితం లాక్కుని నిలబడ్డచోటే చదివింది. ఏడుపు, కంగారు ఏమీ లేవు. తప్పు ఎక్కడుందో వెతుకుతున్న మొహం, అంతే.

"ఇది ఆయన రాయలేదు" అంది.

"వాణ్ని వెనకేసుకు రాకు."

"ఆయనకి వరసగా రెండు వాక్యాలు రాయడం రాదు. ఆయన ఫొటోల కింద క్యాప్షన్లన్నీ ఆరేళ్లుగా నేనే రాస్తున్నాను. రోజూ నా బల్ల మీద పడి ఉండేది అందుకే." వేలితో ఏటవాలు గీతలు చూపించింది. "ఇవి చూడండి. ఇది చదువుకునే వార్త కాదు, మైకులో పైకి చెప్పే వార్త. ఊపిరి గీతలు."

గొళ్లెం చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది.

"అయితే ఇది ఒక్కటే ఆధారం. రెండోది కావాలి" అంది వాళ్లావిడ. చెయ్యి చాపింది. "మీ జేబులో కాగితం తియ్యండి."

"ఏ కాగితం?"

"బుధవారం నుంచి చొక్కా మారినప్పుడల్లా కొత్త జేబులోకి మారుతూ వస్తోందే, ఆ కాగితం."

తీశాడు. రెండూ పక్కపక్కన పెట్టింది. ఒకదాంట్లో ఎర్ర పెన్సిలు, ఇంకోదాంట్లో టైపు. గీతలు మాత్రం ఒకటే పద్ధతి, ఊపిరి తీసుకునే ప్రతిచోటా ఒకటి. గొళ్లేనికి ఒక్కసారి అంతా అర్థమైంది. చంపబోయే మనిషికి, ఆ చావువార్త ఇంకొకరు ముందు చెప్తారేమోనన్న దిగులు పట్టింది. కెమెరాతో ఎదురుగా నిలబడే ఫొటో మాస్టారు అయిదు నిమిషాల్లో పంపేస్తాడు. బోర్డు మీద పద్నాలుగో గీత పడుతుంది. ఆ గీత పడకూడదని వార్తని ముందే రాసిపెట్టింది. ఇలాంటి పొరపాటు ఏ దేశపు గూఢచారీ చేయడు. విలేకరి మాత్రమే చేస్తుంది.

"గొంతు బిళ్ల" అన్నాడు గొళ్లెం.

"మీరు హాలుకి పరుగెత్తండి. నేను వార్త ఆపుతాను. బతికున్న మనిషిని మా కేంద్రం చంపేసిందంటే మళ్లీ మమ్మల్ని ఎవరూ నమ్మరు."

మూడంతస్తుల మెట్లు. దిగుతూనే వైర్‌లెస్‌లో పెదనాన్నకి రేడియో మేడమ్ సంగతి చెప్పాడు. ఎర్ర సిలిండర్ మోకాలికి కొట్టుకుంటోంది. ఆడిటోరియం తలుపు నెట్టేసరికి నాలుగు దాటి తొమ్మిది నిమిషాలు. డైరెక్టర్ ఎప్పుడూ అరగంట మాట్లాడతాడు. ఆ రోజు తన పరిచయ వాక్యాలని తానే ఎర్ర పెన్నుతో కొట్టేసుకుని, ముందే అందరికీ చెప్పినట్టు సరిగ్గా తొమ్మిది నిమిషాల్లో ముగించాడు. చప్పట్లు మోగుతున్నాయి. ఎడిటరమ్మ మైకు ముందుకి వచ్చింది. పక్కన ఆకుపచ్చ స్కార్ఫు వంగి మైకు ఎత్తు సరిచేసింది, వెండి డబ్బా తెరిచింది. మూతలో వేరుగా ఉన్న అర లోంచి ఒక బిళ్ల తీసి ఇచ్చింది.

"నోట్లో వేసుకోకండి" అని అరిచాడు గొళ్లెం. రెండు వందలమంది చప్పట్లలో ఆ అరుపు అతనికే వినిపించలేదు. పిస్తోలు తీద్దామంటే మధ్యలో ఎన్నో తలలు. చేతిలో సిలిండర్ ఎత్తి మీట నొక్కాడు. లోపలి కెమెరా ఒక ఫొటో తీసింది. అంతకుమించి ఏమీ జరగలేదు.

ఎడిటరమ్మ చెయ్యి నోటి దగ్గరికి లేచింది.

స్టేజి పక్క గోడకి, బుధవారం సాయంత్రం అతనే పెట్టించిన కొత్త సిలిండర్ వేలాడుతోంది. గొళ్లెం పక్క నడవలో పరుగెత్తి దాన్ని ఊడబెరికి, పిన్ను లాగి నొక్కాడు. తెల్లటి పొడి బుస్సుమంటూ స్టేజి మీదికి దూకింది. ఎడిటరమ్మ, మైకు, పూలకుండీలు, డైరెక్టర్ చేతిలో కాగితాలు అన్నీ తెల్లబడిపోయాయి. బిళ్ల ఆవిడ వేళ్ల లోంచి జారి చెక్కల మీద దొర్లింది. గొళ్లెం దాని మీద బూటు పెట్టి నిలబడ్డాడు.

ఎడిటరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"మంట ఎక్కడ బాబూ?" అంది.

రేడియో మేడమ్ అప్పటికే పక్క తలుపు దగ్గరికి చేరింది. అక్కడ వాళ్లావిడ ఆయాసపడుతూ నిలబడి ఉంది. వెనక పెదనాన్న మనుషులు ఇద్దరు. మేడమ్ తుపాకీ తీయలేదు, తప్పించుకునే ప్రయత్నమూ చేయలేదు. ఆవిడ అడిగింది ఒక్కటే మాట.

"వార్త వెళ్లిందా?"

"లేదు" అంది వాళ్లావిడ. "రెండో ఆధారం లేదని ఆపేశాను."

మేడమ్ మొహం అప్పుడు వాడింది. "ఆవిడ ప్రెస్సు తగలబడిందని లోకానికి ముందు చెప్పింది నేను. ఆ మంటల పక్కన నిలబడి చెప్పాను. బహుమతి ఆవిడకిచ్చారు." ఆ వెచ్చటి గొంతులో మొదటిసారి కుళ్లు కుళ్లులాగే వినిపించింది. గొళ్లెం ఆ మాట విని తల దించుకున్నాడు. ఆ గొంతు ఎలా ఉంటుందో ఆరేళ్లుగా అతనికి లోపల్నుంచి తెలుసు.

ఎడిటరమ్మ పొడి దులుపుకోకుండానే మైకు ముందుకి వచ్చింది. నాలుగున్నరకి అడ్రసు చెప్పింది, వీధి పేరుతో, గోడౌన్ నంబరుతో సహా. రెండు వందల ఫోన్లు ఒక్కసారి లేచాయి. ఇక దాన్ని తొక్కిపెట్టే చెయ్యి ప్రపంచంలో లేదు. మర్నాడు మధ్యాహ్నానికి ఎనిమిదిమందీ ప్రాణాలతో బయటికి వచ్చారు. ఈలోగా ఎడిటరమ్మ తన సంతాప వార్త అడిగి తెప్పించుకుని చదివింది. "బాగానే రాశారు. జైలుకి రెండుసార్లు కాదు, మూడుసార్లు వెళ్లాను" అంది. డైరెక్టర్ సిగ్గుపడుతూ ఎర్ర పెన్నుతో దిద్దుకున్నాడు.

ఫొటో మాస్టారి బేడీలు ఐదింటికి విప్పారు. జీవితంలో దొరకని ఫొటో పోయిందని అతను గొళ్లెం కాలర్ పట్టుకోబోయాడు. గొళ్లెం ఏమీ అనకుండా ఎర్ర సిలిండర్ లోంచి కెమెరా తీసి ఇచ్చాడు. అందులో ఒకే ఒక ఫొటో, నోటి దగ్గర బిళ్లతో ఎడిటరమ్మ. బోర్డు మీద పద్నాలుగో గీత పడింది. గొళ్లేనికి ప్రాణం ఉసూరుమంది కానీ, తప్పు చేసినవాడు ఆ మాత్రం జరిమానా కట్టాల్సిందే.

మెట్ల మీద వాళ్లావిడ పక్కన కూర్చున్నాడు. ఇద్దరి తలలూ తెల్లగా ఉన్నాయి.

"రోజూ వాడి కబుర్లే ఎందుకు చెప్పేదానివి?"

"ఆయన పేరు చెప్తే తప్ప మీరు కంచంలోంచి తల ఎత్తరుగా."

గొళ్లెం తలలోని పొడి దులుపుకున్నాడు. "నీకు చెప్పాల్సింది ఒకటుంది. నా ఉద్యోగం..."

"తెలుసు. పెళ్లయిన నాలుగో నెల నుంచి. సిలిండర్ పేలితే అంత గుండ్రటి మచ్చలు పడవని మా డాక్టర్ చెప్పాడు."

"మరి ఒక్కసారైనా అడగలేదేం?"

"డాక్టర్ ఒక్కడే చెప్పాడు. రెండో ఆధారం ఇవాళే దొరికింది." ఆవిడ నవ్వింది. తల వెనక్కి వేసి, హాల్లో విన్న నవ్వే. తర్వాత చెయ్యి చాపింది. "ఆ ఎర్ర గీతల కాగితం ఇటివ్వండి."

"అది సాక్ష్యం. పెదనాన్నకి అప్పజెప్పాలి."

"అప్పజెప్పుదురుగాని. ముందు నాకివ్వండి."

శనివారం పొద్దున వాచీల షాపు కింద గదిలో పెదనాన్న సాక్ష్యాలు సరిచూసుకున్నాడు. వెండి డబ్బా ఒకటి, గొంతు బిళ్ల ఒకటి, అగ్నిప్రమాద ప్రకటన ఒకటి, పదహారు ముక్కలుగా.